మూత్రపిండాల నరాలు – రక్తపుపోటు : ఒక చరిత్ర

"రక్తపుపోటుకు ఇక బిళ్ళలు మింగనక్కరలేదట. తొడ మొదట్లో సన్నగొట్టం దూర్చి మూత్రపిండాల నరాలు కాల్చేస్తే సరిపోతుందట. నిజమేనా బేటా?" అని మా మామూ ఒకరోజు నన్నడిగారు. ఆ మాట ఎవరో చెప్పగా విన్నారట. విన్న రోజు నుంచి "ఎలాగూ కొత్త వైద్యం వచ్చింది కదా" అని తన బిళ్ళలు మానేశారు. నేను అడిగేసరికి పదిహేను రోజులు గడిచిపోయాయి. వెంటనే పోటు చూపిస్తే 190/110 వచ్చింది.

మామూ విన్నమాట పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. ఈ వైద్యం ఉన్నది. దాని వెనుక సుమారు మూడు వందల ఏళ్ళ చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో గెలుపులున్నాయి, ఘోరమైన ఓటమీ ఉంది. ఆ ఓటమికి ఒక ముఖ్యకారణం మన ఒంట్లో ఒక నరం ఎక్కడ మొదలై, ఎటు తిరిగి, ఎంత లోతున పోతున్నదో సరిగా తెలియకపోవడమే. ఆ కథను సభ్యుల ముందు, వారి కుటుంబాల ముందు ఉంచుదామని ఈ చిన్న ప్రయత్నం.

పోటును కొలవడం ఎలా వచ్చింది?

రక్తం నాళాలలో ఒక ఒత్తిడితో పారుతుందని తెలిసినా, అది ఎంత అని మొదట కొలిచి చెప్పినవాడు ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ హేల్స్. ఆయన వైద్యుడు కాదు, చర్చి పాదిరీ. ఒక ఆడగుర్రాన్ని పడుకోబెట్టి కట్టి, దాని కాలి ధమనిలోకి ఇత్తడిగొట్టం ఎక్కించి, దానికి నిలువుగా గాజుగొట్టం తగిలించాడు. రక్తం 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు లేచింది. ఈ సంగతి 1733లో ఆయన పుస్తకంలో అచ్చయింది. మనుషులకు ఈ పద్ధతి పనికిరాదు కదా! 1896లో ఇటలీలో రివా-రోచి చేతికి చుట్టే గాలిపట్టీని తెచ్చాడు. 1905లో రష్యాకు చెందిన కొరొత్కోవ్ ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి చప్పుడు వినే పద్ధతి చెప్పాడు. పైఅంకె, కిందిఅంకె అని నేడు మనం అనుకునేవి అక్కడినుంచి వచ్చినవే.

ఈ పోటుకూ మూత్రపిండాలకూ సంబంధముందన్న అనుమానం ఇంకా పాతది. లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, మూత్రపిండాలు చెడి చనిపోయిన రోగుల శరీరాలను కోసి చూసినప్పుడు చాలామందికి గుండె పెరిగి గట్టిపడి ఉండటం గమనించి 1836లో రాశాడు. అప్పటికి పోటును కొలిచే పట్టీయే లేదు. అయినా గుండె దేనికో ఎదురీది అలిసిపోయిందని ఆయనకు తోచింది.

నరం తెగితే ఏమైంది?

ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ అనే మహాశాస్త్రజ్ఞుడు 1859లో ఒక ప్రయోగం చేశాడు. కుక్కకు మూత్రపిండం వైపు పోయే నరాన్ని ఒక పక్కన తెంచాడు. ఆ పక్క మూత్రపిండం నుంచి మూత్రం ఎక్కువగా రాసాగింది. అంటే ఆ నరం ఇంతసేపూ మూత్రపిండానికి "నీళ్ళు, ఉప్పు వదలకు, పట్టి ఉంచు" అని చెబుతున్నదన్నమాట. ఆ ఆజ్ఞ ఆగిపోగానే మూత్రపిండం వదిలేసింది.

1898లో స్వీడనులో టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు మూత్రపిండాన్ని నూరి, ఆ రసం మరో కుందేలుకు ఎక్కిస్తే పోటు పెరగడం చూశారు. ఆ పదార్థానికి రెనిన్ అని పేరుపెట్టారు. 1934లో అమెరికాలో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండధమనిని చిన్న బిగింపుతో నొక్కి, దానికి నిలకడగా పోటు తెప్పించాడు. ఈ మూడు ప్రయోగాలనూ కలిపి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. పోటు అనేది కేవలం గుండె వ్యవహారం కాదు. మూత్రపిండం, దానికి వచ్చే రక్తం, దానికి వచ్చే నరం, ఈ మూడూ అందులో భాగస్వాములే.

కత్తితో చేసిన వైద్యం

ఆ కాలంలో తీవ్రమైన పోటుకు మందు లేదు. ఎంత గొప్పవాడికైనా లేదు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయిన రోజున ఆయన పోటు 300/190గా నమోదయింది. ప్రపంచయుద్ధం నడిపిన మనిషికి పోటు దించే బిళ్ళ ఒక్కటి దొరకలేదు.

అందుచేత శస్త్రవైద్యులు నరాలమీదికే కత్తి ఎత్తారు. మిచిగన్‌లో మాక్స్ పీట్, బోస్టన్‌లో రెజినాల్డ్ స్మిత్‌విక్ వెన్నెముక పక్కన ఉండే సింపథెటిక్ నరాల గొలుసును, కడుపులోకి పోయే నరాలను కోసి తీసేసేవారు. ఇది పెద్ద ఆపరేషను. రెండు పక్కలా విడివిడిగా చేయాలి. వారాల తరబడి ఆసుపత్రిలో పడి ఉండాలి. 1953లో స్మిత్‌విక్ 1,266 మంది రోగుల లెక్క ప్రకటించాడు. ఆపరేషను చేయించుకున్నవారిలో అయిదేళ్ళలో చనిపోయినవారు నూటికి 19 మంది. చేయించుకోక మామూలు వైద్యంతో ఉన్న 467 మందిలో నూటికి 54 మంది. రోగులను చీట్లు వేసి రెండు జట్లుగా విడదీసిన పరీక్ష కాదు గనుక ఈ లెక్కను అక్షరాలా నమ్మరాదు. అయినా నరాలకు పోటుతో గట్టి సంబంధముందని దీనివల్ల తెలిసింది.

మరి ఆ వైద్యం ఎందుకు పోయింది? ఆ నరాలు ఒక్క మూత్రపిండానికే కాదు, కడుపులోని పేగులకు, కాళ్ళ రక్తనాళాలకు కూడా పోతాయి. అన్నిటినీ కలిపి కోసేస్తే రోగి లేచి నిలబడగానే రక్తమంతా కిందికి దిగి కళ్ళు తిరిగి పడిపోయేవాడు. శరీరం కొంతభాగం చెమట పట్టదు, మిగతాభాగం విపరీతంగా పడుతుంది. మగవారికి సంసారజీవితం దెబ్బతినేది. ఒక్క దీపం ఆర్పడానికి వీధి మొత్తానికి కరెంటు తీసేసినట్లయింది.

సర్పగంధ వచ్చింది

ఇక్కడ మన దేశం ఈ కథలోకి వస్తుంది. సర్పగంధ అనే మొక్క వేరును మన వైద్యులు, హకీములు పూర్వం నుంచీ నిద్రపట్టనివారికి, మతిచలించినవారికి ఇచ్చేవారు. ఢిల్లీలో హకీమ్ అజ్మల్ ఖాన్ స్థాపించిన ఆయుర్వేద, యునానీ తిబ్బీ కాలేజీలో రసాయనశాస్త్రజ్ఞుడు సలీముజ్జమాన్ సిద్దీఖీ ఆ వేరును శోధించి, 1931లో అందులోని సారాలను విడదీసి ప్రకటించాడు. వాటిలో ఒకదానికి హకీమ్ సాహెబు పేరుమీద అజ్మలీన్ అని పేరుపెట్టాడు. అది తరువాత గుండెలయ తప్పినప్పుడు వాడే మందయింది. అదే 1931లో కలకత్తాలో సేన్, బోస్ అనే ఇద్దరు వైద్యులు ఈ వేరు పోటును దించుతుందని రాశారు. బొంబాయిలో డాక్టరు రుస్తుం జాల్ వకీల్ తన రోగులమీద వాడి, 1949లో బ్రిటిష్ వైద్యపత్రికలో ఫలితాలు అచ్చువేసేసరికి ప్రపంచం ఇటు తిరిగి చూసింది. 1952లో స్విట్జర్లాండులో సీబా కంపెనీవారు ఆ వేరులోంచి రెసర్పిన్ విడదీశారు.

రెసర్పిన్ ఎలా పనిచేస్తుందో చూడండి. సింపథెటిక్ నరాల చివరల్లో నోరాడ్రినలిన్ అనే పదార్థం నిల్వ ఉంటుంది. నరం తన ఆజ్ఞను దానిద్వారానే పంపుతుంది. రెసర్పిన్ ఆ నిల్వను ఖాళీ చేస్తుంది. నరం ఉన్నా మాట రాదు. అంటే స్మిత్‌విక్ కత్తితో చేసిన పనే మన వేరు కత్తి లేకుండా చేసింది. మోతాదు ఎక్కువైతే మనసు కుంగిపోవడం వంటి దోషం దీనికీ ఉంది. 1958లో మూత్రం ద్వారా ఉప్పును వెళ్ళగొట్టే క్లోరోథయజైడ్ బిళ్ళ వచ్చింది. ఆ తర్వాత ఒకటి వెంట ఒకటి మంచి మందులు వచ్చాయి. నరాలు కోసే ఆపరేషను మూలపడింది.

ఆ నరాలు ఎక్కడున్నాయి?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మూత్రపిండానికి వచ్చే సింపథెటిక్ నరాలు వెన్నుపాములో, వీపు కిందిభాగంనుంచి నడుము పైభాగంవరకు ఉన్న చోట పుడతాయి. కడుపులో బృహద్ధమని పక్కనున్న నరాల ముడులలో ఆగి, అక్కడినుంచి మూత్రపిండధమనిని పట్టుకుని లోపలికి పోతాయి. ధమని లోపల కాదు, ధమని గోడ పైపొరలోనూ, దాని చుట్టూ ఉన్న కొవ్వులోనూ. పందిరిగుంజకు చిక్కుడుతీగ అల్లుకున్నట్టనుకోండి. గుంజ ధమని, తీగ నరం.

లోపలికి పోయాక ఈ నరం మూడు పనులు చేస్తుంది. రెనిన్ తయారుచేసే కణాలను తట్టి లేపుతుంది. ఉప్పును మూత్రంలో పోనివ్వక వెనక్కు పీల్చమని గొట్టాలకు చెబుతుంది. సన్న రక్తనాళాలను బిగిస్తుంది. మూడింటివల్లా పోటు పెరుగుతుంది. ఇవి వచ్చే నరాలు. ఇవి కాక మూత్రపిండం నుంచి మెదడుకు కబురు తీసుకుపోయే నరాలు కూడా అదే దారిన పోతాయి. దెబ్బతిన్న మూత్రపిండం ఈ నరాలద్వారా మెదడును రెచ్చగొట్టి ఒళ్ళంతా పోటు పెంచగలదు.

ఈ నరాలు లేకపోతే మూత్రపిండం బతుకుతుందా? ఈ ప్రశ్నకు జవాబు 1954లోనే దొరికింది. ఆ ఏడు డిసెంబరులో బోస్టన్‌లో డాక్టరు జోసెఫ్ మర్రే ఒక కవలసోదరుని మూత్రపిండాన్ని రెండవ సోదరునికి అమర్చాడు. మార్చినప్పుడు రక్తనాళాలు కుడతారు గాని నరాలు కుట్టరు. అయినా ఆ మూత్రపిండం చక్కగా పనిచేసింది. కాబట్టి మూత్రపిండపు నరాలను మాత్రమే తీసేస్తే ప్రమాదం లేదు. తీయడం ఎట్లా అన్నదే ప్రశ్న.

సన్నగొట్టం దారి

1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్రడాక్టరు తన చేతి రక్తనాళంలోంచి సన్నని గొట్టాన్ని తన గుండెదాకా తానే తోసుకుని, ఎక్సరే గదికి నడిచిపోయి ఫోటో తీయించుకున్నాడు. నాడు తిట్లు తిన్నాడు. 1956లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. 1977లో ఆండ్రియాస్ గ్రుంజిగ్ జూరిచ్‌లో గొట్టం చివర బుడగ కట్టి గుండెధమనిని వెడల్పు చేశాడు. రక్తనాళాల దారిలో ఒంట్లో ఎక్కడికైనా చేరవచ్చని తేలింది.

ధమని చుట్టూనే నరం ఉంది గదా, ధమని లోపలినుంచి వేడి పంపితే గోడదాటి నరాన్ని మాత్రం కాల్చవచ్చు గదా అన్న ఆలోచన అక్కడినుంచే. తొడ మొదట్లోని ధమని గుండా గొట్టం ఎక్కించి, మూత్రపిండధమనిలో దాని కొనను గోడకు ఆనించి, రేడియో తరంగాల కరెంటు పంపుతారు. 2007లో ఆస్ట్రేలియాలో మనుషులమీద మొదలుపెట్టారు. 2009లో హెన్రీ క్రమ్ బృందం మొదటి ఫలితాలు ప్రకటించింది. చికిత్స పొందిన 45 మందిలో పైఅంకె ఏడాదికి సగటున 27 తగ్గింది. మరో అయిదుగురికి చికిత్స చేయలేదు. ఎందుకు? వారి ధమనుల అమరిక సరిపడలేదు. ముఖ్యంగా ఒక్కో మూత్రపిండానికి రెండేసి ధమనులున్నాయి. శరీరనిర్మాణం ఆనాడే వేలెత్తి హెచ్చరించింది. 2010లో 106 మందితో చేసిన రెండవ పరీక్షలో ఆరు నెలలకు 32 తగ్గుదల కనిపించింది. ప్రపంచమంతా సంబరపడింది.

2014 నాటి ఎదురుదెబ్బ

సంబరం నిలవలేదు. అమెరికాలో 88 ఆసుపత్రులలో 535 మందితో గట్టి పరీక్ష పెట్టారు. మూడింట ఒకవంతు రోగులకు గొట్టం ఎక్కించారు గాని నరాలు కాల్చలేదు. మత్తు ఇచ్చి, కళ్ళకు గంతలు కట్టారు కాబట్టి ఎవరికి చికిత్స జరిగిందో రోగికి తెలియదు. 2014లో ఫలితం వచ్చింది. కాల్చినవారిలో పోటు 14 తగ్గింది. కాల్చనివారిలోనూ సుమారు 12 తగ్గింది! తేడా రెండున్నరకు లోపే. బూటకపు చికిత్స పొందినవారికి ఎందుకు తగ్గింది? డాక్టర్లు కనిపెట్టి చూస్తున్నారని బిళ్ళలు సరిగా వేసుకున్నారు, ధైర్యం వచ్చింది, ఎక్కువ ఉన్నప్పుడు చేర్చుకున్న పోటు మళ్ళీ కొలిచేసరికి సహజంగానే కొంత దిగింది.

చాలామంది ఈ వైద్యం చచ్చిందనుకున్నారు. కొందరు మాత్రం "అసలు నరాలు కాలాయా?" అని అడిగారు. లెక్క తీస్తే విస్తుపోయే సంగతి బయటపడింది. ఆనాటి గొట్టానికి ఒక్కటే కొన. దాన్ని తిప్పుతూ, వెనక్కు లాగుతూ ధమని చుట్టూ నాలుగు దిక్కులా కాల్చాలి. చికిత్స పొందిన 364 మందిలో రెండు పక్కల ధమనులలోనూ నాలుగు దిక్కులా కాల్చినది 19 మందికే. 111 మంది డాక్టర్లు ఈ పని చేయగా, వారిలో చాలామందికి అది మొదటిదో రెండవదో.

శవపరీక్షలు చెప్పిన నిజం

అదే 2014లో అమెరికాలో సకాకురా, రేణు విర్మానీ తదితరులు 20 మంది మృతుల శరీరాలనుంచి 40 మూత్రపిండధమనులను తీసి, పలుచగా కోసి, సూక్ష్మదర్శినిలో పదివేలకు పైగా నరాలను లెక్కపెట్టారు. అంతకుముందు 2012లో జరిగిన చిన్న అధ్యయనం నూటికి 90 నరాలు ధమని లోపలిపొరకు 2 మిల్లీమీటర్ల లోపే ఉన్నాయని చెప్పింది. కొత్తగా ఎక్కువ మేర కోసి చూస్తే లెక్క మారింది.

ధమని మొదట్లో, అంటే బృహద్ధమని దగ్గర, నరాలు ఎక్కువ. కాని అవి సగటున 3.4 మిల్లీమీటర్ల దూరాన ఉన్నాయి. మధ్యభాగంలో 3.1. మూత్రపిండం దగ్గరపడేచోట నరాల సంఖ్య తక్కువ, కాని దూరం 2.6కు దిగింది. ఇంకో సంగతి, ధమని ముందుపక్కన ఉన్నన్ని నరాలు వెనుకపక్కన లేవు. మన చిక్కుడుతీగ గుంజ అడుగున వదులుగా పరుచుకుని, పైకి పోయేకొద్దీ బిగిసి చుట్టుకుందన్నమాట. మొదట్లో డాక్టర్లు ఎక్కువగా కాల్చినది ధమని ప్రధానభాగంలోనే. అక్కడ వేడి చేరని లోతులో ఎన్నో నరాలు మిగిలిపోయి ఉంటాయి. పైగా కొన్ని నరాలు ప్రధానధమనిని తాకనే తాకక, అడ్డదారిన వచ్చి మూత్రపిండం దగ్గరి కొమ్మలతోనే కలుస్తాయి. సుమారు నలుగురిలో ఒకరికి అదనపు ధమని కూడా ఉంటుంది. దాని చుట్టూ వేరే నరాలు! ఒక దారి మూసి ఇంకో దారి తెరిచి ఉంచితే ఏం లాభం?

2015లో మాఫూద్ బృందం పందులమీద పరీక్షించి, ప్రధానధమనితోపాటు దాని కొమ్మలలో కూడా కాలిస్తే మూత్రపిండంలో నోరాడ్రినలిన్ బాగా తగ్గుతుందని చూపింది. పనిముట్లు మారాయి. కొత్త గొట్టం స్ప్రింగులా చుట్టుకుని నాలుగు కొనలతో నాలుగు దిక్కులా ఒకేసారి కాలుస్తుంది, కొమ్మలలోకీ పోతుంది. మరో పద్ధతిలో చల్లని నీరు నింపిన బుడగ ధమని గోడను కాపాడుతుండగా, అల్ట్రాసౌండు తరంగాలు 1 నుంచి 6 మిల్లీమీటర్ల లోతువరకు చుట్టూ వేడి పంపుతాయి.

ఈసారి ఫలితం నిజాయితీగా వచ్చింది. 2017 నుంచి 2023 వరకు జరిగిన పలు పరీక్షలలో బూటకపు చికిత్సతో పోల్చినా తగ్గుదల కనిపించింది. 2020లో ప్రకటించిన 331 మంది పరీక్షలో 24 గంటల సగటు తేడా సుమారు 4, డాక్టరు గదిలో కొలిస్తే ఆరున్నర. 2023లో ప్రకటించిన 224 మంది అల్ట్రాసౌండు పరీక్షలో పగటి పోటు తేడా 6.3. 2023 నవంబరులో అమెరికా ప్రభుత్వసంస్థ రెండు పద్ధతులనూ అనుమతించింది. అయితే మందులకు, అలవాట్ల దిద్దుబాటుకు తోడుగానే.

మనం తెలుసుకోవలసినది

ఇరవయ్యేడు, ముప్పైరెండు అని మొదలైన కథ చివరకు ఆరు దగ్గర ఆగింది. ఆరేనా అని చులకన చేయరాదు. పైఅంకె 5 తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు పదోవంతు తగ్గుతాయని 2021లో లక్షలమంది లెక్కలు కూర్చి చెప్పారు. కాని ఒక్క మంచి బిళ్ళ కూడా ఇంచుమించు ఇంతే దించుతుంది. పైగా నరాలు నిజంగా కాలాయో లేదో బల్లమీద ఉండగానే రూఢిగా చెప్పే గురుతు డాక్టరు చేతికి ఇంకా రాలేదు. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి ఏమీ తేడా ఉండదు. మూడు నాలుగు మందులు వాడినా పోటు దిగనివారికి, మందులు పడనివారికి, మంచిచెడ్డలు తెలుసుకుని ఒప్పుకుంటే ఇది ఒక దారి.

మనలో ఎక్కువమంది సంగతి అది కాదు. పోటు ఉన్నట్టే తెలియనివారు, తెలిసినా బిళ్ళలు మధ్యలో మానేసినవారే ఎక్కువ. 2017లో మొదలైన జాతీయ రక్తపుపోటు నియంత్రణ పథకాన్ని తొలుత చేపట్టిన రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. సర్కారు దవాఖానాలో పోటు చూపించుకోవడం, నెలనెలా బిళ్ళలు తెచ్చుకోవడం కష్టమైన పనులు కావు. ఉప్పు రోజుకు ఒక చెంచాకు లోపే ఉండాలి. ఊరగాయ, అప్పడం, ఎండుచేప కూడా ఆ లెక్కలోకే వస్తాయి. మూత్రపిండపు నరం పట్టి ఉంచేది ఆ ఉప్పునే కదా!

ఇదంతా మా మామూకు ఒక సాయంత్రం కూర్చోబెట్టి చెప్పాను. ఓపికగా విని, "అంటే, మూడు వందల ఏళ్ళు తిరిగి మళ్ళీ నా బిళ్ళ దగ్గరికే తెచ్చావన్నమాట" అన్నారు. ఆ రాత్రే డాక్టరు దగ్గరికి పోయాం. బిళ్ళలు మళ్ళీ మొదలయ్యాయి. నెలరోజులకు 138/86 వచ్చింది. కొత్త వైద్యం వచ్చిందని విన్న ప్రతిసారీ సంతోషిద్దాం, దాన్ని గురించి అడిగి తెలుసుకుందాం. కాని డాక్టరు చెప్పేవరకు చేతిలో ఉన్న బిళ్ళ మాత్రం వదలవద్దని సభ్యులందరికీ నా మనవి.